బ్యాంకాక్, కో తావ్ తిప్పిన 40 లీటర్ల బ్యాక్‌ప్యాక్ రివ్యూ | అసలు సరుకు అడుగున ఉంది

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, ఈ బ్యాగు నేను కొన్నది కాదు, కంపెనీ వాళ్లు ఫ్రీగా పంపింది. డబ్బులు తీసుకోలేదు, వీడియో వాళ్లకు ముందుగా చూపించలేదు. ఫ్రీగా వచ్చిన సరుకు పేరు నోటితో చెప్పకపోవడం మన ఛానల్‌లో పాత పద్ధతే కదా, అందుకే లోగో మీద ఈ నల్ల టేపు. పంపినప్పుడు వాళ్లు అడిగింది ఒకటే, ల్యాప్‌టాప్ అర గురించి రెండు ముక్కలు చెప్పమని. చెప్తున్నా. ల్యాప్‌టాప్ అర ఉంది. ల్యాప్‌టాప్ పట్టింది. రెండు ముక్కలూ అయిపోయాయి.

లీటర్లు, గ్రాములు, ఏ నైలాను, ఏ జిప్పు, ఇవన్నీ మీరు ఈపాటికే వేరే వీడియోల్లో చూసే ఉంటారు. 40 లీటర్ల బ్యాగు, ముందు వైపు జిప్పు తీస్తే మొత్తం తెరుచుకుంటుంది, అది గుర్తుంటే చాలు. నేను దీన్ని వేసుకుని బ్యాంకాక్ వెళ్లాను, అక్కణ్నుంచి రాత్రి రైల్లో చుంఫోన్ అనే ఊరు, చుంఫోన్ నుంచి ఫెర్రీలో కో తావ్ దీవి, ఆ తర్వాత కో ఫంగాన్ దీవి. తోడు మా బావమరిది. వాడిది నాలుగు చక్రాల ట్రాలీ. ఈ రివ్యూలో సగం ఆ ట్రాలీ పుణ్యమే.

ఇప్పుడు ఇక్కడ చూడండి. కెమెరా కొంచెం దగ్గరికి తెస్తా. ఆఁ, ఇది. బ్యాగు అడుగున ఈ హ్యాండిల్. పైన ఒకటి ఉంది, పక్కన ఒకటి ఉంది, అవి చాలా బ్యాగులకి ఉంటాయి. అడుగున పెట్టేవాళ్లు తక్కువ. పెట్టినా రెండు వేళ్లు పట్టే రిబ్బను ముక్క కుట్టి వదిలేస్తారు. దీనికి నా చెయ్యి మొత్తం దూరుతోంది చూడండి. లోపల మెత్త ఉంది. పైగా బ్యాగుకి అతుక్కుపోయి పడుకోకుండా కాస్త లేచి ఉంటుంది, అంటే చూడకుండా చెయ్యి పెట్టినా దొరుకుతుంది. రెండు చివర్లా కుట్టు చూడండి, దారం ఒకే చోట ఇటూ అటూ దట్టంగా కొట్టారు. బ్యాగు నిండుగా ఉన్నప్పుడు ఈ ఒక్క హ్యాండిల్ పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి ఊపాను. కుట్టు దగ్గర గుడ్డ కూడా సాగలేదు.

హ్యాండిల్ గురించి ఇంతసేపా అంటారేమో. ఇంకా అవలేదు.

నా మొదటి పెద్ద బ్యాగు కోఠీలో ఫుట్‌పాత్ మీద బేరమాడి కొన్న 60 లీటర్లది. దాని పై హ్యాండిల్ సికింద్రాబాద్ స్టేషన్ మెట్ల మీదే చేతికొచ్చేసింది. ఆ తర్వాత డెకథ్లాన్‌లో ఒక ట్రెక్కింగ్ బ్యాగు కొన్నాను, అది ఇప్పటికీ ఉంది, కొండలెక్కడానికి దాన్నే వేసుకుంటాను. కానీ ట్రెక్కింగ్ బ్యాగు లెక్క వేరు. పొద్దున భుజానికెక్కితే సాయంత్రం దాకా దిగదు. అందుకే రివ్యూలన్నిట్లోనూ నడుం బెల్టు, నడుం బెల్టు అని ఒకటే గోల. బ్యాంకాక్ లాంటి ఊరు, కో తావ్ లాంటి దీవులు తిరిగేటప్పుడు బ్యాగు వీపు మీద పావుగంట కూడా ఉండదు. విమానంలో పైన పెట్టాలి, రైల్లో బెర్తు పక్కకి తొయ్యాలి, ఫెర్రీ వాడికి అందించాలి, సాంగ్‌థ్యూ, అంటే వెనక బెంచీలు వేసిన పికప్ టాక్సీ, దాని మీదకి ఎక్కించాలి, పడవలోంచి దించాలి. మొయ్యడం తక్కువ, ఎత్తి దించడం ఎక్కువ. కాబట్టి నేను దీని నడుం బెల్టు రెండో రోజే ఊడదీసి లోపల పడేశాను. ఊడేలా చేసినందుకు కంపెనీకి ఒక మార్కు.

మొదటి పరీక్ష బ్యాంకాక్‌లో సేన్ సేప్ కాలవ పడవ. బ్యాంకాక్ ట్రాఫిక్ గురించి మీకు చెప్పక్కర్లేదు. ఊరి మధ్యలోంచి పోయే ఈ కాలవలో పడవలు మాత్రం సిటీ బస్సుల్లా తిరుగుతాయి, ఛార్జీ కూడా అంతే. ప్రతూనామ్ రేవులో పడవ మారాలి. మనవాళ్లలో బట్టల హోల్‌సేల్‌కి వెళ్లేవాళ్లకి ప్రతూనామ్ బాగా తెలుసు, ఆ ప్రతూనామే. పడవ రేవుకి తగులుతుంది, తాడు వేస్తారు, దిగేవాళ్లు దిగుతుండగానే ఎక్కేవాళ్లు ఎక్కాలి. అంచు మీద కాలు పెట్టి, పైన కట్టిన తాడు పట్టుకుని లోపలికి దిగాలి. టికెట్లు కొట్టేవాళ్లు నెత్తిన హెల్మెట్ పెట్టుకుని ఆ అంచు మీదే నడుస్తారు, ఎందుకంటే వంతెనలు అంత కిందికి ఉంటాయి. ఎదురుగా ఇంకో పడవ వస్తే నీళ్లు చిమ్ముతాయి, ఆ కాలవ నీళ్లు నోట్లో పడితే ఎలా ఉంటుందో నన్నడక్కండి, పక్కన ఉన్నవాళ్లు తాడు లాగి పట్టా పైకెత్తుతారు. ఇదంతా కొన్ని సెకన్లలో జరగాలి. వీపున బ్యాగు ఉంటే అంచు మీద తూలుతాం. నేను పక్క హ్యాండిల్‌తో బ్యాగుని ముందు లోపలికి దించి, వెనకాల నేను దిగాను. మా బావమరిది ట్రాలీ ఎత్తి పట్టుకుని "బావా, వాణ్ని ఆగమను" అంటున్నాడు. ఎవరాగుతారు? రేవులో ఉన్న ఒక పెద్దావిడ ట్రాలీ కింద చెయ్యేసి తోసింది కాబట్టి వాడు ఎక్కాడు.

ఒక్క మాట, బ్యాగుతో సంబంధం లేదు. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్ వెళ్లేవాళ్లందరూ డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దిగే రోజుకి ముందు మూడు రోజుల్లోపు. అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే సైటు కనబడితే అది ప్రభుత్వానిది కాదు, మూసేయండి. సరే, రైలు దగ్గరికొద్దాం.

దక్షిణం వైపు పోయే దూరప్రయాణం రైళ్లు చాలావరకు 2023 జనవరి నుంచి పాత హువా లంఫోంగ్ స్టేషన్లో కాకుండా క్రుంగ్ థెప్ అపివాట్ అనే కొత్త స్టేషన్లో ఎక్కాలి. పాత స్టేషన్ 1916 నాటిది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ ఇంటర్నెట్‌లో పాత సమాచారం చూసి అక్కడికి పోతే రైలు తప్పిపోతుంది. సెకండ్ క్లాస్ ఏసీ స్లీపర్లో బెర్తులు రెండు వైపులా పొడవునా ఉంటాయి, మన సైడ్ లోయర్, సైడ్ అప్పర్ లాగా. రాత్రయ్యాక అటెండెంట్ వచ్చి పరుపు, దుప్పటి వేసి వెళ్తాడు. తర్వాత పరదా లాక్కోవడమే. ఏసీ గట్టిగా వేస్తారు, స్వెట్టరు పట్టుకెళ్లండి. చుంఫోన్ సుమారు 485 కిలోమీటర్లు, మంచి నిద్రలో ఉండగా తెల్లవారుజామున వస్తుంది. చీకట్లో, పక్కవాళ్లు నిద్రలో ఉండగా, లైటు వెయ్యకుండా బ్యాగు లాగాలి. ఏ వైపు తిరిగి ఉన్నా చేతికో హ్యాండిల్ తగిలింది. చప్పుడు లేకుండా బయటికొచ్చేసింది. అప్పుడే అనుకున్నా, ఈ రివ్యూ హ్యాండిల్ మీదే చేస్తానని.

ఇక చికాకు. ఈ పట్టీల చివర్లు. భుజం పట్టీలు, ఛాతీ పట్టీ, పక్కన బిగించే పట్టీలు, అన్నిటికీ జానెడేసి తోక మిగిలిపోయి వేలాడుతోంది. చుట్టి పెట్టుకోవడానికి ఎలాస్టిక్ ఇవ్వలేదు. రైల్లో పై బెర్తు నిచ్చెనకి తట్టుకుంది, కో తావ్‌లో సాంగ్‌థ్యూ వెనక తలుపులో ఇరుక్కుంది. చివరికి జుట్టుకి పెట్టుకునే రబ్బరు బ్యాండ్లు సెవెన్ ఇలెవెన్‌లో కొని కట్టాను. ఇంత ఖరీదు బ్యాగుకి రబ్బరు బ్యాండ్లా!

దానికంటే పెద్ద చికాకు రెయిన్ కవర్. కాస్త నింపాదిగా తిట్టుకుంటా, ఆగండి.

ముందు వాన సంగతి. చాలామంది థాయ్‌లాండ్ అంతటా ఒకటే వానాకాలం అనుకుంటారు. ఫుకెట్, క్రాబి ఉన్న అండమాన్ సముద్రం వైపు మే నుంచి అక్టోబరు దాకా వానలు. సముయ్, ఫంగాన్, తావ్ దీవులున్న థాయ్‌లాండ్ గల్ఫ్ వైపు అసలు దంచుడు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, నవంబరు మరీనూ. నేను కావాలనే నవంబరులో వెళ్లాను. రూములు చవక, బ్యాగుకి పరీక్షా అవుతుంది.

కవర్ నారింజ రంగు, అడుగున జిప్పు అరలో మడిచి ఉంటుంది. తియ్యడం తేలిక. తొడిగాక ఏమవుతుందంటే, పక్క హ్యాండిల్, అడుగు హ్యాండిల్ రెండూ లోపల మూసుకుపోతాయి. ఏ సౌకర్యం కోసం ఈ బ్యాగు మెచ్చుకుంటున్నానో, వాన పడగానే అదే ఉండదు! చెయ్యి దూరడానికి ఒక చీలిక పెట్టి ఫ్లాపు కుడితే పోయేది. ఇక రెండోది. కవర్ వీపు వైపు ఉండదు కదా, ఏ కవరైనా అంతే. మెడ మీంచి కారిన నీళ్లు వీపుకీ బ్యాగుకీ మధ్యలోంచి దిగి కవర్ అడుగున చేరతాయి. అక్కడ నీళ్లు పోవడానికి చిన్న కన్నం ఉండాలి. లేదు. కో తావ్‌లో మే హాద్ రేవులో దిగి రూముకి నడిచేసరికి అడుగున గిన్నెడు నీళ్లు. వాటిలో నానుతూ కూర్చుంది నా ఉతికిన బట్టల మూట. అడుగు గుడ్డకి లోపల పూత ఉందంటారు, ఉంది, కానీ కుట్ల దగ్గర టేపు వెయ్యలేదు. సూది పోయిన ప్రతి చోటా నీళ్లు పోతాయి.

ఇంటికొచ్చాక దబ్బనం కాల్చి కవర్‌కి కన్నం పెట్టాను, ఇదిగో. పని చేస్తోంది. కానీ మీకు నా సలహా, కవర్ని నమ్ముకోకండి. చెత్తకి వాడే పెద్ద నల్ల కవరు ఒకటి బ్యాగు లోపల వేసి, బట్టలు దాన్లో పెట్టి మూతి మెలితిప్పండి. పైన ఎంత తడిసినా లోపల పొడిగా ఉంటుంది. హ్యాండిళ్లూ బయటే ఉంటాయి.

ఫెర్రీలో సామాను మీ దగ్గర ఉంచుకోనివ్వరు. ఏ దీవిలో దిగుతారో దాన్ని బట్టి రంగు స్టిక్కరు మీ చొక్కాకి, చీటీ బ్యాగుకి తగిలిస్తారు. బ్యాగులన్నీ డెక్కు మీద గుట్ట పోస్తారు. దిగేటప్పుడు అందరూ ఆ గుట్ట మీద పడతారు, అన్నీ నలుపే, అన్నీ ఒకే రకం. నాది గుట్ట కింద తలకిందులుగా ఉంది, అడుగు ఒక్కటే బయటికి కనబడుతోంది. హ్యాండిల్ పట్టి లాగాను, వచ్చేసింది. నా పక్కనున్నాయన ఒక భుజం పట్టీ పట్టుకుని గుంజుతూనే ఉన్నాడు.

చివరిది కో ఫంగాన్ ఉత్తరాన చలోక్లమ్ నుంచి బాటిల్ బీచ్‌కి పొడవు తోక పడవ, అంటే వెనక పొడవాటి కడ్డీ చివర ఫ్యాను తిరిగే లాంగ్‌టెయిల్ బోటు. వాన తెరిపిచ్చిన పూట వెళ్లాం. ముందు కొమ్ముకి రంగు గుడ్డలు, పూలదండలు కట్టి ఉంటాయి, దాని మీద కాలు పెట్టకండి, అది వాళ్లకి దేవత ఉండే చోటు. అక్కడ రేవు లేదు. మోకాళ్లలోతు నీళ్లలో దిగాలి. పై హ్యాండిల్ ఒక చేత్తో, అడుగు హ్యాండిల్ ఇంకో చేత్తో పట్టుకుని నెత్తిన పెట్టుకుని నడిచాను. బావమరిది ట్రాలీ కోసం పడవవాడు, నేను మళ్లీ వెనక్కెళ్లాం. ఇసకలో ఆ చక్రాలు తిరగవు. "బావా, ఈసారి నాకూ అలాంటిదే చూడు" అన్నాడు. వాడి చేత ఆ మాట అనిపించడానికే నేను వెళ్లానని మా ఆవిడ అంటోంది.

మిగతావి గబగబా. సీసా పెట్టే పక్క అర, బ్యాగు నిండితే బిగుసుకుపోతుంది, లీటరు స్టీలు సీసా దూరదు. కో తావ్ పక్కన నాంగ్ యువాన్ దీవిలోకి ప్లాస్టిక్ సీసాలు రానివ్వరు కాబట్టి స్టీలుది కావాలి, అది చేత్తో పట్టుకు తిరిగాను. జిప్పులు బాగున్నాయి, ఉప్పు గాలికి బిగుసుకోలేదు. బడ్జెట్ విమానాల్లో చేతి సామాను 7 కిలోలే, కాబట్టి 40 లీటర్లు ఉన్నాయి కదా అని నింపేస్తే గేటు దగ్గర టెన్షన్. కందిపొడి పొట్లం ఒకటి పెట్టుకోండి చాలు, ఆవకాయ సీసా ఇంట్లోనే ఉంచండి.

తీర్పు అంటారా, లెక్క ప్రకారం చూస్తే మార్కులు తగ్గాలి. కవర్ దండగ, పట్టీలు చికాకు, సీసా అర పనికిరాదు. అయినా నేను దీన్నే వాడతాను. అడుగు హ్యాండిల్ ఇంత బాగా చేసిన బ్యాగు నాకు ఇంకోటి కనబడలేదు. కొండలెక్కేవాళ్లు కొనకండి, మీకిది వద్దు. ఊళ్లూ దీవులూ తిరిగేవాళ్లు కొనండి, ఇసక రంగుది కాకుండా ముదురు నీలం తీసుకోండి, ఇసక రంగు మీద పడవ ఇంజను నూనె మరక పడితే పోవట్లేదు.

ఇక కామెంట్లలో ఎలాగూ అడుగుతారు కాబట్టి, సూపర్ లగ్జరీ బస్సులో పై ర్యాకులో పడుతుందా అని పెట్టి చూశాను. పడుతుంది, పడుకోబెడితే. హ్యాండిల్ మీ వైపు ఉంచుకోండి.