డిప్ లైటు ఎత్తు సరిచేయడం: ఒక్క శాతం లెక్క

[దృశ్యం: చీకటి పడిన ఆవరణ. గోడ మీద కారు డిప్ లైటు (లో బీమ్) వెలుగు. కింద వెలుతురు, పైన చీకటి, రెంటి మధ్య గీసినట్టు కనిపించే అంచు.]

వాయిస్:
గోడ మీద ఈ అంచునే కటాఫ్ అంటారు. అంచు కింద పడే వెలుతురు మన రోడ్డుకు, పైనున్న చీకటి ఎదురొచ్చే డ్రైవరు కళ్లకు. డిప్ లైటు సరిచేయడమంటే ఈ అంచును ఉండాల్సిన ఎత్తులో నిలబెట్టడమే. స్క్రూ తిప్పే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. కారును సిద్ధం చేయడం, గోడ మీద గీతలు సరిగ్గా పెట్టడం, వీటికే ఎక్కువ సమయం పడుతుంది. తొందరపడితే పొరపాటు జరిగేది కూడా ఇక్కడే.

[దృశ్యం: కటాఫ్ దగ్గరగా. అడ్డగీత మధ్యలో ఎడమవైపు పైకి లేస్తున్న చోట బాణం గుర్తు.]

అంచు అంతా ఒకే ఎత్తులో లేదు, గమనించారా? కుడివైపు అడ్డంగా సాగి, మధ్యకొచ్చేసరికి ఎడమకు పైకి లేస్తుంది. వాలు దాదాపు 15 డిగ్రీలు ఉంటుంది. కొన్ని ల్యాంపుల్లో వాలు బదులు మెట్టులా ఉంటుంది. రోడ్డుకు ఎడమవైపు నడిపే దేశాల కోసం చేసిన ల్యాంపు ఇలా ఉంటుంది. రోడ్డు అంచున నడిచేవాళ్లూ, బోర్డులూ కాస్త ముందే కనిపించాలని ఆ పక్క వెలుతురు పైకి ఇస్తారు. కుడివైపు నడిపే దేశాల ల్యాంపులో ఇది కుడికి లేస్తుంది. అలాంటి ల్యాంపు ఎడమవైపు నడిపే చోట బిగిస్తే ఆ లేచిన వెలుగంతా ఎదుటివాళ్ల మీదికే పోతుంది. స్క్రూ ఎంత తిప్పినా అది నయం కాదు, ల్యాంపు మార్చాల్సిందే.

[దృశ్యం: బానెట్ తెరిచి ఉంది. ముందు అడ్డపట్టీ మీద స్టిక్కరు: చిన్న లైటు బొమ్మ, పక్కన 1.2%.]

ఇక ఈ అంకె సంగతి. హెడ్‌లైటు పైభాగాన గానీ, బానెట్ కింద ముందు పట్టీ మీద గానీ ఒక చిన్న లైటు బొమ్మ, దాని పక్కన 1.0% అనో 1.2% అనో ఉంటుంది. 1% అంటే వెలుగు ప్రతి మీటరు దూరానికి ఒక సెంటీమీటరు కిందికి దిగాలని. 10 మీటర్ల దగ్గర 10 సెం.మీ., 5 మీటర్ల దగ్గర 5 సెం.మీ. స్టిక్కరు మీద 1.2 ఉంటే 5 మీటర్లకు 6 సెం.మీ. స్టిక్కరు చెరిగిపోతే కారు మాన్యువల్‌లో వెతకండి. ల్యాంపు 80 సెం.మీ. లోపు ఎత్తులో ఉండే మామూలు కార్లకు ఈ అంకె 1కీ 1.5కీ మధ్యే ఉంటుంది. ఇదంతా శాతం ముద్రించిన ల్యాంపులకు. అమెరికా పద్ధతిలో చేసిన ల్యాంపుల మీద శాతం బదులు వీఓఎల్ అనో వీఓఆర్ అనో అక్షరాలుంటాయి. వాటి లెక్క వేరు, వాటికి ఈ కొలతలు వాడకండి.

ఒక్క శాతమే కదా అనిపించవచ్చు. ల్యాంపు నేల నుంచి 65 సెం.మీ. ఎత్తులో ఉందనుకోండి. 1% దించితే కటాఫ్ సరిగ్గా 65 మీటర్ల దూరాన రోడ్డును తాకుతుంది. 2.5% దించితే 26 మీటర్లకే తాకేస్తుంది. 80 కి.మీ. వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే మీకు మూడు సెకన్ల ముందు కనిపించాల్సింది కాస్తా సెకను పైచిలుకు ముందు మాత్రమే కనిపిస్తుంది. అదే 1% కిందికి బదులు 1% పైకి ఉంటే? 50 మీటర్ల దూరంలో అంచు 115 సెం.మీ. ఎత్తుకు చేరుతుంది. ఎదురుగా వచ్చే చిన్న కారులో డ్రైవరు కళ్లుండేది దాదాపు ఆ ఎత్తులోనే.

[దృశ్యం: కారు పక్క నుంచి. వెనుక భాగం నెమ్మదిగా కిందికి దిగుతుంటే ముందు వెలుగు గీత పైకి లేస్తున్న బొమ్మ.]

ఇప్పుడు కారును సిద్ధం చేయడం ఎందుకంత ముఖ్యమో చూద్దాం. ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ మధ్య దూరం 2.5 మీటర్లున్న కారు తీసుకోండి. డిక్కీలో సామాను వల్ల వెనుక భాగం 2.5 సెం.మీ. దిగిందంటే కారు సరిగ్గా 1% వంగినట్టు. ల్యాంపుకు కంపెనీ ఇచ్చిన దింపు మొత్తం అక్కడికక్కడే పోయింది. ఆ స్థితిలో సరిచేస్తే, సామాను దించిన మర్నాడు లైట్లు మీ బంపరు ముందే పడుతుంటాయి.

అందుకని ముందు నాలుగు టైర్లలో గాలి టైరు ప్రెషరు స్టిక్కరు మీదున్న అంకెకు పెట్టండి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు. డిక్కీలో అదనపు సామాను తీసేయండి, స్టెప్నీ, జాకీ మాత్రం వాటి చోట ఉండాలి. పెట్రోలు ట్యాంకు ఎంత నిండి ఉండాలో మాన్యువల్ చెబితే అలాగే ఉంచండి, చెప్పకపోతే సగానికి తగ్గకుండా చూసుకోండి. డ్రైవరు సీట్లో ఒకరు కూర్చోవాలి, లేదా 75 కిలోల బరువు పెట్టాలి. డాష్‌బోర్డు మీద లైటు ఎత్తు మార్చే చక్రం ఉంటే దాన్ని సున్నాకు తిప్పండి. ఇది మరిచిపోయి 2 మీదో 3 మీదో ఉంచి స్క్రూలు తిప్పేస్తే, తర్వాత సున్నాకు పెట్టగానే లైట్లు ఆకాశం చూస్తాయి. ఆఖరికి కారును ముందూ వెనకా పట్టి నాలుగైదుసార్లు కిందికి నొక్కి వదలండి, స్ప్రింగులు వాటి సహజమైన ఎత్తుకు వస్తాయి. హ్యాండ్‌బ్రేకు గట్టిగా లాగి ఉంచి నొక్కితే చక్రాలు కదలక సస్పెన్షన్ పూర్తిగా సర్దుకోదు. నేల చదునుగా ఉన్నచోట హ్యాండ్‌బ్రేకు వదిలి, చక్రానికి ముందూ వెనకా కాస్త ఖాళీ ఉండేలా చెక్కముక్కలు పెట్టి నొక్కండి.

[దృశ్యం: నేల మీద పొడవాటి తిన్నని బద్ద, దాని మీద రసమట్టం.]

నేల సంగతి చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. నేల రసమట్టంతో చూస్తే నూటికి నూరుపాళ్లు సమంగా ఉండాలన్న నియమం లేదు. కారు నిలబడ్డ చోటూ, గోడ అడుగూ ఒకే చదునులో ఉండాలి, అంతే. నేలంతా ఒకే తీరున కొద్దిపాటి వాలుగా ఉంటే కారు కూడా అదే వాలులో నిలబడుతుంది కాబట్టి లెక్క చెడదు. చెడేది ఎప్పుడంటే, మధ్యలో నేల విరిగినప్పుడు. వాన నీళ్లు పోవడానికి గోడ దగ్గర మాత్రం వాలు కట్టి ఉంటారు చూశారా, అది. గోడ అడుగు 2.5 సెం.మీ. పల్లంలో ఉంటే 5 మీటర్ల మీద అది అర శాతం తేడా. పొడవాటి అల్యూమినియం బద్ద చక్రాల దారి వెంట గోడ దాకా ఆనించి, ఎక్కడ సందు కనిపిస్తుందో చూడండి. అలాంటి నేల అయితే ఇంకోచోటు వెతుక్కోండి. కొలతలో సర్దుబాటు చేసుకుందామనుకుంటే తికమక పెరుగుతుంది.

[దృశ్యం: కారు గోడకు జానెడు దూరంలో. గోడ మీద మాస్కింగ్ టేపు అంటిస్తున్న చేతులు.]

గోడ మీద గీతలు ఇలా వేయండి. కారును గోడకు ఎదురుగా, వీలైనంత దగ్గరగా తీసుకెళ్లండి. రెండు ముందు చక్రాల నుంచీ గోడకు దూరం సమానంగా ఉండాలి, టేపుతో కొలవండి. చాలా ల్యాంపుల గాజు మీద లో బీమ్ బల్బుకు ఎదురుగా చిన్న చుక్కో, వలయమో, కూడిక గుర్తో అచ్చు వేసి ఉంటుంది. అది ల్యాంపు కేంద్రం. లేకపోతే ప్రొజెక్టర్ ల్యాంపులో గుండ్రటి లెన్సు మధ్య, రిఫ్లెక్టర్ (బల్బు వెనుక అద్దంలా మెరిసే గిన్నె) ఉన్న ల్యాంపులో బల్బు మధ్య కేంద్రంగా తీసుకోండి. దానికి ఎదురుగా గోడ మీద రెండు పక్కలా నిలువు టేపులు వేయండి. కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచి, గోడ అడుగు నుంచి అదే ఎత్తులో అడ్డ టేపు వేయండి. ఆ టేపు కింద మరో అడ్డ టేపు, ఈసారి మీ స్టిక్కరు చెప్పిన లెక్కకు. 1.2% అయితే 6 సెం.మీ. కింద. టేపు పై అంచే గీత అని ఒకసారి అనుకుంటే ప్రతిచోటా అదే పాటించండి. కొలత కొన్నిచోట్ల పై అంచు నుంచి, కొన్నిచోట్ల మధ్య నుంచి తీస్తే టేపు వెడల్పులో సగం తప్పులోకి పోతుంది.

ఇప్పుడు స్టీరింగు తిన్నగా ఉంచి కారును వెనక్కి తీయండి. ల్యాంపు గాజు నుంచి గోడకు సరిగ్గా 5 మీటర్లు రావాలి. కొలవాల్సింది బంపరు నుంచి కాదు. వెనక్కి వచ్చాక కారును ఒకసారి మళ్లీ నొక్కి వదలండి. చోటుంటే 10 మీటర్లు ఇంకా మేలు, దింపు కూడా రెట్టింపు అవుతుంది కాబట్టి కొలతలో చిన్న తేడాలు అంతగా ప్రభావం చూపవు. అయితే అంత దూరంలో కటాఫ్ అంచు కాస్త పలచబడుతుంది, బాగా చీకటి కావాలి.

[దృశ్యం: ఎడమ ల్యాంపు ముందు అడ్డంగా నిలబెట్టిన అట్ట. గోడ మీద కుడి ల్యాంపు వెలుగు ఒక్కటే.]

ఇంజను స్టార్టు చేసి లో బీమ్ వేయండి. ఒక్కో ల్యాంపునే చూడాలి. రెండోదానికి అట్ట అడ్డం పెట్టండి, గాజుకు తాకకుండా. హాలోజన్ ల్యాంపు మీద గుడ్డ కప్పి వదిలేస్తే వేడికి ప్లాస్టిక్ గాజు పాడవుతుంది.

కటాఫ్ అడ్డగీత కింది టేపు మీదికి రావాలి. పైకి లేవడం మొదలయ్యే మలుపు నిలువు టేపు మీద ఉండాలి. ఈ రెండూ కుదిరితే పని అయినట్టే.

[దృశ్యం: ల్యాంపు వెనుక భాగం. పైనుంచి దించిన స్టార్ స్క్రూడ్రైవర్ మొన, తెల్ల ప్లాస్టిక్ పళ్లచక్రంలో పడుతూ.]

ల్యాంపు వెనుక సాధారణంగా రెండు సర్దుబాటు స్క్రూలుంటాయి, ఒకటి ఎత్తుకు, ఒకటి పక్కలకు. కొన్ని కార్లలో ఎత్తుకు మాత్రమే ఉంటుంది. కొన్నింటికి స్టార్ స్క్రూడ్రైవర్, కొన్నింటికి అలెన్ కీ, కొన్నింటికి చిన్న బాక్సు స్పానర్ పడుతుంది. ఇక్కడ చూపిస్తున్న రకంలో స్క్రూడ్రైవర్ స్క్రూ తలలో దిగదు. పైనున్న రంధ్రంలోంచి నిలువుగా దించితే దాని మొన పళ్లచక్రంలో పడుతుంది, తిప్పినకొద్దీ ఒక్కో పన్ను జరుగుతుంది. మొన పూర్తిగా కూర్చోకుండా బలంగా తిప్పితే పళ్లు అరిగిపోతాయి. తర్వాత ఆ ల్యాంపు సర్దుబాటుకు లొంగదు. పావు చుట్టు తిప్పండి, గోడ చూడండి, మళ్లీ పావు చుట్టు. ఎటు తిప్పితే ఎటు పోతుందో గోడే చెబుతుంది.

ముందు ఎత్తు సరిచేయండి, తర్వాత అవసరమైతేనే పక్క. పక్క కదిపితే ఎత్తు కూడా కొంచెం మారుతుంది, కనుక ఎత్తు మళ్లీ చూడాలి. సర్దుబాటు పళ్లచక్రంలో కొంత లూజు ఉంటుంది. అందుకే అంచును గీత కంటే కొద్దిగా కిందికి దించి, అక్కడినుంచి పైకి తెచ్చి గీత మీద ఆపండి. పైనుంచి దించుతూ ఆపితే ఒక్కోసారి నాలుగు గుంతలు దాటేసరికి ఆ లూజు మేర అంచు జారిపోతుంది. అయ్యాక కారును మరోసారి నొక్కి వదిలి, అంచు అక్కడే నిలిచిందో లేదో చూసుకోండి.

హై బీమ్ వేరుగా సరిచేయాలా అంటే, చాలా కార్లలో అక్కర్లేదు. లో బీమ్‌కూ హై బీమ్‌కూ కలిపి హెచ్4 లాంటి ఒకే బల్బు ఉన్నచోట రెండూ ఒకే రిఫ్లెక్టర్‌లో ఉంటాయి, ఒకటి కుదిరితే రెండోది కుదురుతుంది.

[దృశ్యం: గోడ మీద చెదిరిపోయిన, అంచు లేని వెలుగు.]

స్క్రూ తిరుగుతోంది గానీ వెలుగు కదలడం లేదా? సర్దుబాటు కడ్డీ చివరనున్న గుండు దాని గూట్లోంచి ఊడి ఉంటుంది, లేదా పళ్లు అరిగి ఉంటాయి. కారు ఊగినప్పుడల్లా అంచు వణుకుతుంటే ల్యాంపును బాడీకి పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవుల్లో ఒకటి విరిగిందని అర్థం. చిన్న గుద్దు తగిలిన కార్లలో ఇది మామూలు.

అంచు స్పష్టంగా లేకపోతే మాత్రం స్క్రూ జోలికి పోకండి, బల్బు చూడండి. హెచ్4 బల్బు అంచుకు మూడు నాలుకలుంటాయి. మూడూ వాటి గాళ్లలో కూర్చుని, తీగ క్లిప్పు బిగుసుకుంటేనే ఫిలమెంట్ దాని చోట ఉంటుంది. లో బీమ్ ఫిలమెంట్ కింద చిన్న రేకు గిన్నె ఉంటుంది. వెలుగు రిఫ్లెక్టర్ కింది సగానికి తగలకుండా ఆపేది అదే, కటాఫ్ అంచు పుట్టేది దానివల్లే. బల్బు వంకరగా కూర్చుంటే గిన్నె కూడా వంకరవుతుంది, అంచు పైకి పోయి చెదిరిపోతుంది.

హాలోజన్ గూట్లో ఎల్‌ఈడీ బల్బు పెట్టినచోట వచ్చే చిక్కు కూడా ఇదే. ఆ రిఫ్లెక్టర్‌ను ఫిలమెంట్ ఎంత పొడవుందో, ఎక్కడుందో మిల్లీమీటర్ల లెక్కలో చూసుకుని మలిచారు. వెలుగు పుట్టే చోటు మారితే అది పడే చోటూ మారుతుంది. కటాఫ్ పైన బూడిదరంగు వెలుతురు పరుచుకుని కనిపిస్తే అది ఎదుటివాళ్ల కళ్లలోకి పోయే వెలుగే. దాన్ని దాచడానికి ల్యాంపును 3 శాతానికి దించితే మీకు దూరం కనిపించదు, ఎదుటివాళ్లకు కొంత ఇబ్బంది ఎలాగూ మిగులుతుంది. సరైన బల్బుకు వెనక్కి వెళ్లడం తప్ప దీనికి స్క్రూడ్రైవర్‌తో మార్గం లేదు. పసుపెక్కిన గాజు కూడా వెలుగును ఇలాగే చెదరగొడుతుంది, దాన్ని పాలిష్ చేశాకే కొలతలు తీయండి.

[దృశ్యం: డాష్‌బోర్డు మీద 0 నుంచి 3 దాకా అంకెలున్న చక్రం.]

సున్నాకు పెట్టి సరిచేశాం కదా, ఈ చక్రం వాడాల్సింది రోడ్డు మీద. వెనుక సీటు నిండితే, డిక్కీ నిండితే అంకె పెంచాలి, వెలుగు కిందికి దిగుతుంది. ఏ బరువుకు ఏ అంకె అన్న పట్టిక మాన్యువల్‌లో ఉంటుంది. బరువు దిగగానే సున్నాకు తేవడం మరవకండి. తిప్పుతుంటే గోడ మీద రెండు ల్యాంపులూ కలిసి దిగాలి. ఒకటే దిగితే రెండోదాని మోటారో వైరో పోయినట్టు.

[దృశ్యం: కారు కింద, వెనుక సస్పెన్షన్ ఆర్మ్‌కు బిగించిన సన్నని కడ్డీ, దాని చివర సెన్సారు.]

డాష్‌బోర్డు చక్రం లేని కొన్ని కార్లలో ఈ సెన్సారు ఆ పని చేస్తుంది. వెనుక ఎంత దిగిందో కొలిచి ల్యాంపును తనంతట తానే దించుతుంది. 2000 ల్యూమెన్లు (బల్బు ఇచ్చే వెలుగు కొలత) దాటే బల్బులున్న ల్యాంపులకు ఐరోపా నియమాలు ఈ ఏర్పాటును తప్పనిసరి చేశాయి. ఇలాంటి కార్లలో లైట్లు ఉన్నట్టుండి పైకో కిందికో పోతే స్క్రూ ముట్టుకునే ముందు ఈ కడ్డీ వంగిందేమో, ఊడిందేమో చూడండి. అది వంగి ఉండగా స్క్రూతో సరిచేస్తే, కడ్డీ మార్చిన రోజు మళ్లీ అంతా తప్పుతుంది. కడ్డీ మార్చాక కారు కంప్యూటరుకు స్కానర్ పెట్టి సున్నా స్థానం గుర్తు చేయించాలి, ఆ తర్వాతే గోడ దగ్గరికి రావాలి. కెమెరాతో ఎదుటి కారును గుర్తుపట్టి వెలుగు మళ్లించే మ్యాట్రిక్స్ ల్యాంపులైతే కాలిబ్రేషన్ మొత్తం కంపెనీ పరికరంతోనే చేయించండి, వాటికి గోడా టేపూ చాలవు.