సారంగి పట్టిన కొత్త చేతులు

శ్రోతలకు నమస్కారం.

రేడియో ఇంకా రాని రోజుల్లో నేపాల్ కొండల మీద కబుర్లు కాలినడకన తిరిగేవి. ఎక్కడో యుద్ధం జరిగిందనీ, ఫలానా వీరుడు పడిపోయాడనీ, కొండచరియ విరిగి ఒక ఊరు తుడిచిపెట్టుకుపోయిందనీ పాట కట్టి ఊరూరా వినిపించే కులం ఒకటి ఉండేది. వాళ్ళే గంధర్వులు. పాత రోజుల్లో గాయినేలు అనేవారు. వాకిట్లో నిలబడి సారంగి వాయిస్తూ కథంతా పాడితే, ఇల్లాలు ఇంత బియ్యమో మొక్కజొన్నలో తెచ్చి సంచిలో పోసేది. ఈ రోజు మాట్లాడబోయేది ఆ సారంగి గురించి, దానితోపాటు నేపాల్ జానపద వాద్యాలను మళ్ళీ చేతిలోకి తీసుకున్న యువతీయువకుల గురించి.

ముందు సారంగి సంగతి. హిందుస్తానీ కచేరీల్లో కనిపించే సారంగి వేరు. దానికి ముప్పైకి పైగా తీగలుంటాయి, కూర్చుని వాయించాలి. నేపాలీ సారంగికి నాలుగే తీగలు. మూరెడు పొడవుంటుంది. ఖిర్రో అనే తేలికపాటి చెట్టు మొద్దును జోడింపు లేకుండా ఒకే ముక్కగా తొలిచి చేస్తారు. కింది తొట్టికి మేక తోలు బిగిస్తారు, పై తొట్టి తెరిచే ఉంచుతారు. తీగలు ఒకప్పుడు గొర్రె పేగుతో పేనేవారు, ఇప్పుడు నైలాన్, స్టీలు వాడుతున్నారు. కమానుకు గుర్రపు వెంట్రుకలు. వాయించేటప్పుడు వేలితో తీగను నొక్కరు, గోటిని పక్క నుంచి ఆనిస్తారు. అందుకే స్వరం మెట్లు మెట్లుగా కాకుండా జారుతూ పోతుంది, మనిషి గొంతుకు దగ్గరగా వినిపిస్తుంది. కొందరు కమానుకు చిన్న గజ్జెలు కట్టుకునేవారు. చెయ్యి కదిలినప్పుడల్లా తాళం దానంతటదే పడుతుంది. పాట, తీగ, తాళం మూడూ ఒక్క మనిషి దగ్గరే ఉన్నాయి, పైగా నడుస్తూ కూడా వాయించుకోవచ్చు. కొండదారుల్లో తిరిగేవాడికి ఇంతకంటే అనువైన వాద్యం ఏముంటుంది?

1951లో రేడియో నేపాల్ మొదలైంది. కబుర్లు మోసే పని రేడియో లాగేసుకుంది. కానీ అదే రేడియో ఒక గంధర్వుడి గొంతును దేశమంతటికీ చేర్చింది. ఆయన పేరు ఝలక్‌మాన్ గంధర్వ. 1935లో పోఖరా దగ్గర బాటులేచౌర్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచి ఇంటింటికీ తిరిగి పాడిన మనిషి, తర్వాత రేడియో నేపాల్‌లో కళాకారుడయ్యారు. ఆయన పాడిన పాటల్లో ఒకటి, పరాయి దేశపు యుద్ధంలో ప్రాణం విడుస్తున్న గూర్ఖా సిపాయి గురించి. నా కొడుకేడీ అని అమ్మ అడిగితే ఏం చెప్పాలి, నాన్న అడిగితే ఏం చెప్పాలి అని సాగుతుంది. నేపాల్‌లో ఆ పాట వినని ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. మన ఊళ్ళలో రాత్రిపూట విజిల్ వేసుకుంటూ వీధులు కాచే గూర్ఖాలను ఎరిగినవాళ్ళం మనం. బతుకుదెరువు కోసం కొండ దిగి వచ్చిన అలాంటి కుటుంబాల గుండెకోత ఆ నాలుగు తీగల మీద పలికింది. ఝలక్‌మాన్ 2003లో కన్నుమూశారు.

ఇంత గొప్ప వాద్యం కదా, మరి పిల్లలు ఎందుకు వదిలేశారు? ఈ ప్రశ్నకు జవాబు సంగీతంలో దొరకదు. 1854లో జంగ్ బహదూర్ రాణా తెచ్చిన ములుకీ ఐన్ అనే చట్టం గంధర్వులనూ, పెళ్ళిళ్ళకు బాజా వాయించే దమాయిలనూ అంటరానివారిగా రాసిపెట్టింది. పాట వినేవారు, గడప దాటి రానిచ్చేవారు కాదు. 1963లో వచ్చిన కొత్త చట్టం ఆ కుల నియమాలను తీసేసింది, 2011లో అంటరానితనాన్ని శిక్షించే చట్టం కూడా వచ్చింది. అయినా చట్టం మారినంత తొందరగా ఊరు మారదు. సారంగి భుజాన వేసుకుని బడికి వెళ్తే తోటి పిల్లలు గాయినే అని వెక్కిరిస్తారు. ఆ మాట పడ్డ తండ్రి తన కొడుకు చేతికి సారంగి ఇవ్వడానికి వెనకాడతాడు. మన దగ్గర డప్పు చరిత్ర తెలిసినవాళ్ళకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

దానికి తోడు పొట్టకూటి సమస్య. టేపురికార్డర్లు వచ్చాయి, టీవీలు వచ్చాయి, ఇంటి ముందు పాడేవాడి కోసం ఆగేవాళ్ళు తగ్గిపోయారు. యువకులు ఖతార్, సౌదీ, మలేషియా దారి పట్టారు. గల్ఫ్ లేబర్ క్యాంపుల్లో మన కరీంనగర్, నిజామాబాద్ కుర్రాళ్ళ పక్క మంచాల మీద పడుకునేది వాళ్ళే. మిగిలిన గంధర్వుల్లో చాలామంది ఖాట్మండులోని తమేల్ వీధుల్లో విదేశీ టూరిస్టుల వెంట నడుస్తూ చిన్న చిన్న సారంగులు అమ్ముకునే స్థితికి వచ్చారు.

అదే ఖాట్మండులో 1990ల నాటికి కుర్రకారంతా గిటార్ మోజులో ఉంది. రాక్ బ్యాండ్లు పుట్టుకొచ్చాయి. అందులో తప్పేమీ లేదు, ఆ వయసులో ఎవరైనా కొత్తదనం వైపే పరుగెడతారు. విశేషం ఏమిటంటే, ఆ వాతావరణంలోనే పెరిగిన కొందరు నగర యువకులు 2004లో కుటుంబ అనే బృందం కట్టారు. పాటలు పాడరు, వాద్యాలే వాయిస్తారు. సారంగి, వేణువు, మాదల్, తుంగ్నా, ధిమే, ఇలా దేశంలో ఒక్కో మూల నుంచి ఒక్కో వాద్యాన్ని తెచ్చి ఒకే వేదిక మీద కూర్చోబెట్టారు. చెప్పినంత తేలికైన పని కాదిది. మాదల్ అనే చిన్న మద్దెల మగర్ తెగవాళ్ళ ఇళ్ళలోంచి వచ్చింది, తుంగ్నా ఉత్తరాన హిమాలయాల అంచున ఉండే తమాంగ్, షెర్పాల వీణ, ధిమే ఖాట్మండు లోయలోని నేవార్ల డోలు. ఇవి కలిసి వాయించుకోవడం ఊళ్ళలో ఉండేది కాదు. ఎవరి పండగ వాళ్ళది, ఎవరి శ్రుతి వాళ్ళది. ఈ కుర్రాళ్ళు వాటన్నిటినీ ఒక శ్రుతిలోకి తెచ్చి, మైకులు బిగించి, కాలేజీ పిల్లలు టికెట్ కొనుక్కుని వచ్చి కేకలు వేసే కచేరీలుగా మార్చారు.

సంప్రదాయం చెడగొట్టారని పెద్దలు కొందరు గొణిగే ఉంటారు. నా మటుకు నాకు అది చెడగొట్టడంలా అనిపించదు. పేగు తీగ పోయి నైలాన్ వచ్చినప్పుడే సారంగి గొంతు కొంచెం మారింది. వాయించే చెయ్యి ఉంటే వాద్యం మారుతూ అయినా బతుకుతుంది. అద్దాల బీరువాలో పెడితే తీగ కూడా తుప్పు పడుతుంది.

కుటుంబలో సారంగి వాయించే కిరణ్ నేపాలీ అక్కడితో ఆగలేదు. ప్రాజెక్ట్ సారంగి అనే ప్రయత్నంతో ఈ వాద్యాన్ని కొత్తవాళ్ళకు పరిచయం చేస్తున్నారు. నాకు ఎక్కువ విలువైనదిగా కనిపించేది ఇదే. కచేరీ చూసి మోజుపడ్డ కుర్రాడికి మర్నాడు మంచి సారంగి ఎక్కడ దొరుకుతుంది, ఎవరు నేర్పుతారు? ఈ రెండు ప్రశ్నలకు జవాబు లేకపోతే ఆ మోజు వారం కూడా నిలవదు. టూరిస్టులకు అమ్మే బొమ్మ సారంగి శ్రుతిలో నిలబడదు. కాబట్టి చెట్టు మొద్దు ఎంచుకోవడం దగ్గర్నుంచి తోలు బిగింపు దాకా తెలిసిన చేతులు ముందు నిలవాలి.

2006లో మొదలైన నైట్ అనే బృందం ఇంకో దారి పట్టింది. జేసన్ కున్వర్ దాని సారథి. నేవార్లకు పివంచా అని ఒక కమాను వాద్యం ఉంది, వాడుకలోంచి దాదాపు జారిపోయింది. ఈ బృందం అలాంటివాటిని వెతికి పట్టుకుని కొత్త పాటల్లో వాడింది. వాళ్ళ పాటల్లో నగరం హంగామా ఉండదు, పల్లె మనుషుల కథలుంటాయి.

ఇక నేవార్ల డోళ్ళ గురించి చెప్పకుండా ముందుకు వెళ్ళలేను. ఖాట్మండు, లలిత్‌పూర్, భక్తపూర్ పాత వీధుల్లో జాతరలప్పుడు ధిమే మోగితే ఛాతీలో దడ పుడుతుంది. పెద్ద పీపాలాంటి డోలు. ఒకవైపు చేత్తో, ఇంకోవైపు కొస చుట్టలు తిరిగిన బెత్తంతో కొడతారు. దాన్ని నేర్చుకోవడం మామూలు ట్యూషన్ లాంటిది కాదు. వీధిలోని పిల్లలందరినీ ఒక బృందంగా తీసుకుని, నాసద్యః అనే దేవుడికి పూజ చేసి, మూసిన తలుపుల వెనక నెలల తరబడి నేర్పుతారు. చివర్లో ఊరందరి ముందూ వాయించి విందు చేసుకుంటారు. నాసద్యః అంటే నృత్య సంగీతాల దేవుడు, మన నటరాజస్వామి లాంటివాడు. ఆయన తిన్నని గీతలో ప్రయాణిస్తాడని నమ్మకం. అందుకని ఆయన దారికి అడ్డొచ్చిన గోడల్లో రంధ్రం వదిలి కట్టేవారు. సంగీతం నడవడానికి గోడకు కన్నం పెట్టిన ఊళ్ళవి!

అంత నియమనిష్ఠలున్న ఈ విద్యను ఒకప్పుడు మగపిల్లలకే నేర్పేవారు. కొన్ని దశాబ్దాలుగా ఆడపిల్లలూ నేర్చుకుంటున్నారు. ఇవాళ నేవారీ కొత్త సంవత్సరం ఊరేగింపుల్లో, ఎర్రంచు ఉండే నల్లటి హాకు పటాసీ చీర కట్టుకుని, బరువైన ధిమే మెడకు తగిలించుకుని వరసలు వరసలుగా అమ్మాయిలు నడుస్తుంటారు. డోలు బరువుకు మెడ నరాలు లాగుతున్నా దరువు తప్పదు. వాద్యానికి వారసులు పెరిగారన్నమాట. ఈ డోళ్ళ పాఠాలను పుస్తకానికెక్కించడంలో జర్మన్ సంగీత శాస్త్రవేత్త గెర్ట్ మథియాస్ వెగ్నర్ కృషి ఉంది. భక్తపూర్‌లో స్థానిక గురువుల దగ్గర కూర్చుని నేర్చుకున్నాయన, ఖాట్మండు విశ్వవిద్యాలయ సంగీత విభాగాన్ని అక్కడే మొదలుపెట్టారు.

సరిహద్దుకు ఇటువైపు కూడా ఈ పని జరుగుతోంది. డార్జిలింగ్ కొండల్లో నేపాలీ మాట్లాడేవాళ్ళు లక్షల్లో ఉన్నారు. తమాంగ్ సేలో అనే తమాంగ్‌ల జానపద పాటలకు పేరుపడ్డ హీరా దేవి వైబా ఆ కొండల బిడ్డ. 1960ల్లో ఆకాశవాణి కర్సియాంగ్ కేంద్రంలో అనౌన్సర్‌గా కూడా పనిచేశారు. 2011లో ఆమె పోయాక, కూతురు నవనీత్ ఆదిత్య వైబా, కొడుకు సత్య కలిసి తల్లి పాటలను మళ్ళీ రికార్డు చేశారు. కీబోర్డు జోలికి పోలేదు. డంఫు అనే తమాంగ్ డప్పు, తుంగ్నా, మాదల్, సారంగి వంటి అసలు వాద్యాలతోనే చేశారు. మాదల్ అంటే మనకు కొత్తేమీ కాదు. ఆర్.డి. బర్మన్ పాటల్లో ఆ గలగలమనే కొండ దరువు డార్జిలింగ్ నుంచి వచ్చిన రంజిత్ గజ్మేర్ చేతిది. ఆయన్ని అందరూ కాంచా అని పిలిచేవారు. పేరు తెలియకుండానే మాదల్‌ను మనం ఏళ్ళుగా వింటున్నాం.

అన్ని వాద్యాల కథా ఇంత బాగా లేదు. దమాయిలు వాయించే పంచే బాజా సంగతి చూస్తే బెంగగా ఉంటుంది. సన్నాయి లాంటి సనాయి, దమాహా, ట్యామ్కో అనే డోళ్ళు, తాళాలు, నర్సింగా అనే కొమ్ము బూర, ఇదంతా పెళ్ళి మేళం. సనాయి వాయించేవాడు బుగ్గల నిండా గాలి నిలుపుకుని, ముక్కుతో ఊపిరి తీసుకుంటూ, పాట ఎక్కడా తెగకుండా కొండ ఎక్కేస్తాడు. పెళ్ళికూతురిని అప్పగించేటప్పుడు ఒక పాట, కొండ దిగేటప్పుడు ఒక పాట, ఇలా సందర్భానికో వరస ఉంటుంది. ఇప్పుడు పట్నాల్లో పెళ్ళివారు బ్యాండు మేళాన్ని పిలుస్తున్నారు, ఊరేగింపు కారులో పోతోంది. కొండ ఎక్కే పెళ్ళే లేనప్పుడు కొండ ఎక్కే పాట ఎవరికి కావాలి? సారంగిని వేదిక ఎక్కించినట్టు దీన్ని ఎక్కించలేం. పెళ్ళివాళ్ళు పిలిస్తేనే ఈ మేళం నిలుస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఇప్పుడు సారంగి ఏ కులం పిల్లలైనా నేర్చుకుంటున్నారు. మంచిదే, మనస్ఫూర్తిగా మంచిదే. కానీ వందల ఏళ్ళు అవమానం భరిస్తూ ఈ వాద్యాన్ని మోసుకొచ్చిన ఇళ్ళకు ఇప్పుడు వచ్చిన చప్పట్లలో, డబ్బులో వాటా ఎంత? గురువు స్థానంలో గంధర్వుణ్ణి కూర్చోబెట్టి, ఫీజు ఇచ్చి, అతని పేరు వేసి నేర్చుకుంటే ఒక దారి. అతని పాట తీసుకుని అతన్ని వీధిలోనే వదిలేస్తే అది దోపిడీ. ఆనందం కలిగించే విషయం ఏమిటంటే, ఈ తరంలో గంధర్వుల పిల్లలు, ఆడపిల్లలతో సహా, సొంత పేరుతో వేదికలెక్కుతున్నారు.

మన తెలుగువాళ్ళు ఏటా పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రలకు బస్సులు కట్టుకుని వెళ్తుంటారు. ఈసారి వెళ్ళినప్పుడు ఒక పూట మిగుల్చుకోండి. పశుపతినాథుడి ముందు పారే బాగమతి నది ఒడ్డునే, కాస్త దిగువన, త్రిపురేశ్వర్ మహాదేవ ఆలయం ఉంది. 1995లో రామ్‌ప్రసాద్ కడేల్ మొదలుపెట్టిన నేపాలీ జానపద వాద్యాల మ్యూజియం ఆ ప్రాంగణంలోనే రూపుదిద్దుకుంది. మన కచేరీల్లో వినే మోర్సింగ్‌కు తోబుట్టువైన ముర్చుంగా, తూర్పు కొండల కిరాతీ ఆడవాళ్ళు ఇష్టంగా వాయించే వెదురు బినాయో, సారంగి కంటే పాతదని చెప్పే ఆర్బాజో అనే తీగ వాద్యం, ఇలాంటివన్నీ ఆయన ఊరూరా తిరిగి పోగుచేశారు. తమేల్‌లో ఎవరైనా సారంగి అమ్మడానికి వస్తే, కొనే ముందు ఒక పాట వాయించమని అడగండి. ఏ ఊరు మీది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అని పలకరించండి. అది తయారుచేసింది ఎవరో కూడా అడిగి, ఆ పనికి తగ్గ ధర బేరమాడకుండా ఇవ్వండి.

సెలవు. నమస్కారం.