పునీత ఆన్సెల్మ్: ఎదురు ప్రశ్నకు చోటిచ్చిన సన్యాసి

సభలోని పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

క్రైస్తవ సన్యాసి, తత్వవేత్త ఆన్సెల్మ్ 1033లో ఆల్ప్స్ కొండల మధ్య, ఇప్పటి ఇటలీలోని ఆవోస్తాలో పుట్టారు. తల్లి పోయాక తండ్రితో పొసగలేదు. ఇల్లు విడిచి, కొండలు దాటి, లాన్‌ఫ్రాంక్ అనే గురువు పేరు విని ఇప్పటి ఫ్రాన్స్‌లో ఉన్న నార్మండీలోని బెక్ మఠానికి చేరుకున్నారు. 1060లో సన్యాసం పుచ్చుకున్నారు. 1078లో ఆ మఠానికే అధిపతి అయ్యారు.

ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చే పుస్తకం 'ప్రోస్లోగియాన్'. దేవుడున్నాడని చూపడానికి మరో ఆసరా అక్కర్లేని ఒకే ఒక్క వాదన కోసం ఆయన వెతికారు. ఆ ధ్యాసలో తిండీ నిద్రా కరువయ్యాయి, ప్రార్థనలో మనసు నిలవలేదు. ఇది సాతాను శోధనేమోనని వదిలించుకోబోయారు కూడా. చివరికి ఒక రాత్రి, జాగరణ ప్రార్థన వేళ, ఆ వాదన తట్టింది. వెంటనే మైనపు పలకల మీద రాసి, దాచమని ఒక సోదరుడికిచ్చారు. ఆ పలకలు పోయాయి. మళ్లీ రాసిచ్చారు. ఈసారి ఆ సోదరుడు వాటిని తన మంచంలోనే దాచుకున్నాడు. మర్నాడు చూస్తే పలకలు విరిగి, మైనం ముక్కలై నేలమీద పడి ఉంది. ఆ ముక్కలు ఏరి, ఒకదానికొకటి అతికించి చదువుకుని, ఇక ఆలస్యం చేయకుండా చర్మపత్రం మీదికి ఎక్కించారు. ఈ సంగతి శిష్యుడు ఈడ్మర్ రాసిన జీవిత చరిత్రలో ఉంది.

ఇంతకీ వాదన ఏమిటి? దేవుడంటే, అంతకు మించినదాన్ని ఊహించలేనిది. ‘దేవుడు లేడు’ అనే, బైబిల్ పద్నాలుగో కీర్తనలోని బుద్ధిహీనుడికి కూడా ఈ మాట అర్థమవుతుంది. అది మనసులోనే ఉండి బయట లేకపోతే, నిజంగా ఉన్నది దానికంటే గొప్పదవుతుంది. అప్పుడు ‘అంతకు మించినదాన్ని ఊహించలేనిది’ అన్న మాటే నిలవదు.

మార్ముతియే మఠం సన్యాసి గౌనిలో దీనికి ఒప్పుకోలేదు. ఆ బుద్ధిహీనుడి పక్షాన ఆయనే జవాబు రాశారు: అన్నిటికన్నా శ్రేష్ఠమైన దీవిని ఊహించుకుంటే, అది సముద్రంలో ఉండి తీరాలా? ఆన్సెల్మ్ బదులు రాశారు, తన తర్కం దీవులకు వర్తించదని. ఆపైన, ఇకమీద తన పుస్తకానికి ఎవరు నకలు తీసినా గౌనిలో ఆక్షేపణనూ, తన సమాధానాన్నీ కలిపే రాయాలని కోరారు. తర్వాతి తత్వవేత్తలు అక్వినాస్, కాంట్ ఆ వాదనను తోసిపుచ్చారు. వాళ్లదే సరైనదైనా సరే, ఈ ఒక్క పని వల్లే ఆన్సెల్మ్ నాకు పూజ్యులు. తనను ఖండించిన మాటను తన పుస్తకంలోనే భద్రపరిచారు కదా!

1093లో ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీకి ఆర్చిబిషప్ అయ్యారు. రాజులతో తగువుపడి రెండుసార్లు దేశం విడిచారు. ఆ మొదటి ప్రవాసంలోనే, 1098లో, ‘దేవుడు మానవుడెందుకయ్యాడు’ అన్న గ్రంథం పూర్తి చేశారు. అది గురుశిష్యుల సంభాషణ. శిష్యుడు బోసో అందులో అవిశ్వాసుల మాటలతోనే గురువును నిలదీస్తాడు. ఆ బోసోయే 1124లో బెక్ మఠాధిపతి అయ్యారు.