జాగ్వార్ ఎక్స్‌జే: 1971, 2005, 2013 కార్లు పక్కపక్కన పెట్టి చూద్దాం రండి

నమస్తే అండి, అందరూ బాగున్నారా? ఈ రోజు ఇంగ్లండ్‌లో, వార్విక్‌షైర్‌లో ఉన్నాం. నా వెనక మూడు కార్లు కనపడుతున్నాయి కదా, మూడింటి పేరూ ఒకటే, జాగ్వార్ ఎక్స్‌జే. ఈ చివర ఉన్న ముదురు ఎరుపు కారు 1971 మోడల్. మధ్యలో వెండి రంగుది 2005. ఆ చివర నల్లగా మెరుస్తున్నది 2013. మొదటి రెండూ ఈ ఊళ్లో ఒక పెద్దాయనవి. నల్లది కావెంట్రీలో ఉండే మన తెలుగు డాక్టరు గారిది. ఇద్దరూ ఆదివారం పూట కార్లు తెచ్చి ఇక్కడ పెట్టారు, వాళ్లకి ముందుగా థాంక్స్.

కింద కామెంట్లలో చాలామంది అడుగుతున్నారు, బ్రిటిష్ లగ్జరీ కారంటే పాత స్టైలే అందమా, లేక కొత్తగా చేస్తే తప్పేంటి అని. రోల్స్ రాయిస్ గురించి అడిగారు, బెంట్లీ గురించి అడిగారు. నేను జాగ్వార్‌నే ఎందుకు తీసుకున్నానంటే, ఈ గొడవ ఒకే కారు పేరు మీద యాభై ఏళ్లు నడిచింది ఇక్కడే. 1968లో మొదలైన ఎక్స్‌జే 2019 జులైలో ఆగిపోయింది.

ముందు ఒక చోటు గురించి చెప్పాలి. ఇక్కడికి దగ్గర్లోనే వాపెన్‌బరీ అని చిన్న పల్లెటూరు ఉంది. జాగ్వార్ పెట్టిన సర్ విలియం లయన్స్ ఇల్లు అక్కడే. ఆయన 1922లో బ్లాక్‌పూల్‌లో మోటర్‌సైకిళ్లకి సైడ్‌కార్లు చేయడంతో మొదలుపెట్టారు, 1928లో కావెంట్రీ వచ్చేశారు. డిజైన్ కాలేజీకి వెళ్లలేదు. మరి అంత అందమైన కార్లు ఎలా వచ్చాయి? పనివాళ్లని పక్కన పెట్టుకుని, అసలు కారంత సైజులో నమూనా కట్టించేవారు. ఈ గీత కాస్త దించు, ఈ వంపు కాస్త తగ్గించు అంటూ మళ్లీ మళ్లీ మార్పించేవారు. తర్వాత ఆ నమూనాని ఇంటికి తెప్పించి, వాకిట్లో పెట్టించి చూసేవారు. ఫ్యాక్టరీ లైట్ల కింద కాకుండా, కొన్నవాడి ఇంటి ముందు పగటి వెలుగులో ఎలా ఉంటుందో చూడాలని. ఆ సంగతి గుర్తుపెట్టుకోండి. అందుకే నేను కూడా ఈ వీడియో స్టూడియోలో తీయలేదు.

ఇప్పుడు 1971 కారు దగ్గరికి వెళ్దాం. తమ్ముడూ, కెమెరా కాస్త కిందకి దించు, వెనక తలుపు దగ్గర నుంచి చూపించు. ఈ గీత చూడండి. ముందు నుంచి నిదానంగా వస్తూ, వెనక తలుపు దగ్గర కొంచెం కిందకి జారి, వెనక చక్రం మీదకి రాగానే మళ్లీ లేస్తుంది. దూకబోయే పులి తుంటి ఎలా ఉంటుందో అలా. చేత్తో రాస్తే ఎక్కడా తెగదు. ఈ లేచిన చోట, డిక్కీకి రెండు పక్కలా, రెండు పెట్రోలు మూతలున్నాయి. ఇటొకటి, అటొకటి. అంటే ట్యాంకులు కూడా రెండు. ఒకటి అయిపోతే డాష్‌బోర్డ్ మీద స్విచ్ నొక్కి రెండోదానికి మారాలి. ఒక పెద్ద ట్యాంకు పెట్టకుండా రెండు చిన్నవి చేసి, ఈ వంపుల్లో ఇటొకటి అటొకటి ఇమిడ్చేశారు. అందుకే ఇంత సన్నటి తోకలో కూడా డిక్కీకి చోటు దొరికింది.

ఇంకో సంగతి. నేను పక్కన నుంచుంటే కారు పైకప్పు నా భుజం కంటే కిందే ఉంది, చూశారా? టైర్లు ఆ కాలానికి బాగా వెడల్పు, డన్‌లప్ వాళ్లు ఈ కారు కోసం ప్రత్యేకంగా చేసినవి. కారు నేలని పట్టుకుని కూర్చున్నట్టు ఉంటుంది. 1968లో దీన్ని చూసినవాళ్లకి ఇది పాత స్టైల్ కాదండీ, అప్పటికి సరికొత్త కారు. క్లాసిక్ అన్న మాట మనం తర్వాత తగిలించాం.

సరే, ఇక్కడి నుంచి మధ్య కారు దాకా ఏం జరిగిందో గబగబా చెప్పేస్తాను. 1979లో మూడో సిరీస్‌కి ఇటలీ డిజైన్ కంపెనీ పినిన్‌ఫరీనా వాళ్లు మెరుగులు దిద్దారు, అది బాగా కుదిరింది. 1986లో పూర్తిగా కొత్త ఎక్స్‌జే వచ్చింది. ఖరీదైన మోడళ్లకి గుండ్రటి లైట్లు తీసేసి నలుచదరపు లైట్లు పెట్టారు. అభిమానులు ఒప్పుకోలేదు. 1994కి కంపెనీ ఫోర్డ్ చేతిలో ఉంది, మళ్లీ నాలుగు గుండ్రటి లైట్లు తెచ్చేశారు, జనం హమ్మయ్య అనుకున్నారు. నా ఉద్దేశంలో అసలు చిక్కు అక్కడే మొదలైంది. పాతదాన్ని తాకితే తిడతారు, ఉన్నది ఉన్నట్టు ఉంచితే మెచ్చుకుంటారు అన్న భయం కంపెనీలో కూర్చుండిపోయింది.

ఆ భయంలోంచి వచ్చింది ఈ 2005 కారు. ఈ మోడల్ 2003లో బయటికొచ్చింది. ఇక్కడ మీకొకటి చూపించాలి. నా చేతిలో ఉన్నది చార్మినార్ బొమ్మ ఉన్న ఫ్రిజ్ మాగ్నెట్, మా ఇంట్లోదే. 1971 కారు బానెట్ మీద పెడుతున్నాను, టక్కున అంటుకుంది. ఇప్పుడు మధ్య కారు బానెట్ మీద. జారిపోయింది. మళ్లీ పెడతాను. అంటుకోదు. తలుపు మీద? అంటుకోదు. బాడీ అంతా అల్యూమినియం అండి. వెల్డింగ్ బదులు విమానాల్లోలాగా రివెట్లు కొట్టి, గమ్ముతో అతికించి కట్టారు. ముందు మోడల్ బాడీ కంటే ఇది దాదాపు 40 శాతం తేలిక. 2003లో ఇలా కట్టడం మామూలు పని కాదు. కానీ చూడ్డానికి? అవే నాలుగు లైట్లు, వాటి వెనక బానెట్ మీద అవే నాలుగు గట్లు, అదే క్రోమ్ గ్రిల్. అంత కొత్త పని చేసి, దాన్ని తాతగారి కోటు కింద దాచేశారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు.

నాకు ఈ కారంటే గౌరవం ఉంది. కానీ పక్క నుంచి చూడండి. తమ్ముడూ, రెండూ ఒకే ఫ్రేములోకి వచ్చేలా వెనక్కి వెళ్లు. ఇప్పుడు నేను పక్కన నుంచుంటే పైకప్పు నా భుజం దాటిపోయింది. లోపల తల తగులుతోంది, కాళ్లకి చోటు లేదు అని కొన్నవాళ్లు ఏళ్ల తరబడి చెబుతున్నారు, అందుకని ఎత్తు పెంచారు. తప్పు లేదు. అయితే పొడవాటి సన్నటి కారు కోసం గీసిన గీతల్ని ఎత్తయిన కారు మీద పరిచారు. లైట్లు ఉన్నాయి, గట్లు ఉన్నాయి, క్రోమ్ ఉంది, కానీ ఆ కూర్చున్న తీరు పోయింది. ఆ వెనక తలుపు దగ్గర గీత ఉంది కదా, ఇందులోనూ ఉంది, కానీ దాని పైన అంత అద్దం, అంత పైకప్పు వచ్చేసరికి ఆ జారుడు కంటికి ఆనదు. ఈ వీడియోలో నేను చెప్పదలచుకున్నది ఇదే. క్లాసిక్ అంటే లైట్ల ఆకారమో గ్రిల్లో అనుకుని చాలామంది పొరబడతారు. ముందు కొలతలు కుదరాలి. అవి తప్పాక ఎన్ని నగలు పెట్టినా ఏం లాభం?

అదే 2003లో రోల్స్ రాయిస్ ఏం చేసిందో చూడండి. బీఎండబ్ల్యూ చేతికి వెళ్లాక గుడ్‌వుడ్‌లో కొత్త ఫాంటమ్ తెచ్చారు. టైరుతో కలిపి చక్రం ఎత్తు కారు ఎత్తులో దాదాపు సగం, పాత రోల్స్ లెక్క అది. పొడవైన బానెట్, నిటారు గ్రిల్, వెనక్కి జరిగిన క్యాబిన్. లైట్లు మాత్రం పాతవాటికి కాపీ కాదు, సన్నటి దీర్ఘచతురస్రాలు. మొదట్లో చాలామంది ముఖం చిట్లించారు, ఈ రోజు అది వీధిలో వెళ్తే తల తిప్పనివాళ్లు ఉండరు. కొలతలు పాతవి తీసుకుని, ముఖం కొత్తది గీశారు. జాగ్వార్ సరిగ్గా తలకిందులు చేసింది.

ఇక నల్ల కారు. దీన్ని గీసింది ఇయాన్ కాలమ్ నాయకత్వంలోని టీమ్. ఆయన స్కాట్లండ్ మనిషి. 1968లో, అంటే మొదటి ఎక్స్‌జే వచ్చిన ఏడాదే, పద్నాలుగేళ్ల పిల్లాడిగా తాను గీసిన కారు బొమ్మలు జాగ్వార్‌కి పోస్టు చేశాడు. కంపెనీలో పెద్ద ఇంజనీరు బిల్ హేన్స్ జవాబు రాశారు. ఆ పిల్లాడు 1999లో అదే కంపెనీకి డిజైన్ డైరెక్టర్ అయ్యాడు. ఇంత ప్రేమ ఉన్నవాడు పాత ఎక్స్‌జేని పాత చింతకాయ పచ్చడి అని కొట్టిపారేస్తాడా? 2009 జులైలో లండన్ సాచీ గ్యాలరీలో దీని మీద గుడ్డ తీసినప్పుడు మాత్రం చాలామంది అదే అనుకున్నారు. అప్పటికి ఏడాది ముందే, 2008లో, 2.3 బిలియన్ డాలర్లకి జాగ్వార్ ల్యాండ్ రోవర్ మన టాటాల చేతికొచ్చింది. టాటాలు వచ్చి జాగ్వార్ ముఖం మార్చేశారు అని అప్పట్లో ఇండియాలో కూడా విన్నాను. కొత్త కారు గీయడానికి ఏళ్లు పడుతుంది, ఇది గీసింది ఫోర్డ్ రోజుల్లో.

దగ్గరికి రండి. గుండ్రటి లైట్లు లేవు, బానెట్ మీద గట్లు లేవు. కిటికీ అద్దాల వరుస ముందు నుంచి వెనక దాకా కన్నీటి బొట్టులా సాగి, తోక దగ్గర సన్నబడింది. ఇప్పుడొకటి గమనించండి. మళ్లీ పక్కన నుంచుంటున్నాను. పైకప్పు నా భుజం దాటే ఉంది, మధ్య కారుతో సమానంగా. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం కూడా దాదాపు అంతే, రెండింటికీ సుమారు 3.03 మీటర్లు. అడుగున అల్యూమినియం బాడీ కూడా ఆ కారు నుంచి పెరిగిందే. మాగ్నెట్ పెడుతున్నా, చూడండి, జారిపోయింది. అయినా కంటికి మాత్రం ఇది వంగి కూర్చున్నట్టు, అది నుంచున్నట్టు ఉంటాయి. కిటికీల కింది అంచు పైకి తెచ్చి, పైకప్పుని వెనక డిక్కీ దాకా జార్చి, అద్దాన్ని సాగదీసి ఆ ఎత్తుని దాచారు. లయన్స్ గారి గీత ఒక్కటీ లేదు, కానీ ఆయన కారు కూర్చున్న తీరు తిరిగొచ్చింది.

అన్నీ బాగున్నాయని చెప్పను. పైకప్పుని మోసే వెనక స్తంభం దగ్గర ఈ నల్ల ప్లాస్టిక్ పలక చూశారా? వెనక అద్దం పక్కలకి చుట్టుకున్నట్టు కనపడాలని పెట్టారు. నల్ల కారులో కలిసిపోయింది కాబట్టి సరిపోయింది. అదే తెల్ల కారైతే, మంచి పట్టుచీరకి అతుకు వేసినట్టు ఉంటుంది. మొదటిసారి బంజారాహిల్స్‌లో తెల్ల ఎక్స్‌జే చూసినప్పుడు అద్దం పగిలితే పలక కొట్టారేమో అనుకున్నాను. కొనేవాళ్లుంటే నలుపు గానీ బాగా ముదురు నీలం గానీ తీసుకోండి. డౌనింగ్ స్ట్రీట్‌లో బ్రిటన్ మాజీ ప్రధానులు కామెరాన్, మే, జాన్సన్ ఎక్కిన ఎక్స్‌జేలు కూడా నల్లవే.

లోపలికి రండి. ముందు అద్దం కింద నుంచి ఒక చెక్క పట్టీ రెండు తలుపుల మీదకీ చుట్టుకుంది. ఇటలీ రీవా పడవలు చూసి తీసుకున్న ఆలోచన ఇది. చేత్తో తడిమితే పడవ అంచు పట్టుకున్నట్టే ఉంటుంది. స్టార్ట్ బటన్ ఎర్రగా, గుండె కొట్టుకున్నట్టు వెలిగి ఆరుతోంది. నొక్కాను. గేర్ గుండ్రటి మీట, ఇదిగో, కింద నుంచి పైకి లేచింది. స్పీడోమీటర్ మొత్తం స్క్రీనే. 2009లో ఇది చూసి నోరెళ్లబెట్టాం. ఇప్పుడు చూస్తే, వయసు మొదట కనపడేది ఈ స్క్రీన్లలోనే. ఆ 1971 కారులో వరుసగా ఉన్న స్విచ్‌లు, గుండ్రటి మీటర్లు మాత్రం ఇప్పటికీ చూడబుద్ధేస్తాయి. చెక్క, తోలు విషయంలో మూడింట్లో నాకు నచ్చింది ఈ నల్ల కారే. స్క్రీన్ల విషయంలో కాదు.

మా నాన్నగారు విజయవాడ నుంచి వచ్చి ఇక్కడే ఉన్నారు, ఆయన కాస్త పొడుగు. వెనక సీట్లో కూర్చోబెట్టాను. ఎర్ర కారులోకి వంగి వంగి ఎక్కారు, మోకాళ్లు ముందు సీటుకి ఆనాయి. వెండి రంగు కారులో హాయిగా కాళ్లు చాపుకుని, ఇదే బాగుందిరా అన్నారు. నల్ల కారులో కాళ్లకి చోటుంది, తల దగ్గర పైకప్పు కాస్త దగ్గరగా ఉంది, పైన అద్దం ఉండడం వల్ల ఇరుకనిపించలేదు అన్నారు. ఇంటి పెద్దల్ని వెనక కూర్చోబెట్టి తిప్పాలనుకుంటే మధ్య కారే సుఖం, అది నేను దాచను. దాంట్లో ఎయిర్ సస్పెన్షన్, అంటే మామూలు స్ప్రింగుల బదులు గాలితో కారుని మోసేది, చెక్ చేయించుకోకుండా మాత్రం కొనకండి, గాలి లీకయితే బిల్లు గట్టిగా వస్తుంది.

అమ్మకాల్లో ఈ నల్ల కారు మెర్సిడెస్ ఎస్ క్లాస్ దరిదాపుల్లోకి రాలేదు. దీని తర్వాత రావాల్సిన ఎలక్ట్రిక్ ఎక్స్‌జేని 2021లో కంపెనీయే రద్దు చేసింది. నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. 2024 డిసెంబర్‌లో మయామీలో టైప్ 00 అని నమూనా చూపించారు, ఒకటి గులాబీ రంగు, ఒకటి నీలం, వెనక అద్దమే లేదు. దాని మీద ఎంత గొడవ జరిగిందో మీకు తెలుసు. ఫొటోల్లో చూసి తీర్పు చెప్పమని మెసేజ్‌లు పెడుతున్నారు. చెప్పను. పొడవైన బానెట్, వెనక్కి జరిగిన క్యాబిన్, ఆ కొలతలు నాకు నచ్చాయి. మిగతాది రోడ్డు మీద, ఒక ఇంటి గేటు ముందు, మామూలు మబ్బు పట్టిన రోజున ఆగి ఉన్నప్పుడు చూసి చెబుతాను.

నాకు మూడింట్లో ఒకటి ఇస్తానంటే? చూసుకోవడానికి ఎర్ర కారు. రోజూ నడపడానికి నల్లది, నలుపు రంగులోనే.

వెలుతురు తగ్గిపోతోంది. తమ్ముడూ, డాక్టరు గారిని నల్ల కారు లైట్లు వేయమను. వెనక నుంచి తియ్యి. అదిగో, డిక్కీ మీద నుంచి కిందకి జారిన ఆ రెండు ఎర్ర గీతలు, పిల్లి గోళ్లతో గీరినట్టు. అలాగే ఉంచు, కారు గేటు దాటి వెళ్లేదాకా తీయి.