మైక్రోవేవ్‌లో ఏ గిన్నె పెట్టొచ్చు?

అందరికీ నమస్కారం. మైక్రోవేవ్ కొనేటప్పుడు ఎన్ని లీటర్లు, ఎన్ని వాట్లు అని గుచ్చి గుచ్చి అడుగుతాం, అందులో పెట్టే గిన్నె దగ్గరికొచ్చేసరికి మాత్రం చేతికి ఏది దొరికితే అది పెట్టేస్తాం. అందుకే ఇవాళ గిన్నెల గురించే మాట్లాడతాను.

మైక్రోవేవ్‌లో మంట ఉండదు. దాదాపు 2.45 గిగాహెర్ట్జ్ తరంగాలు ఆహారంలోని నీటి అణువుల్ని కదిలిస్తాయి, ఆ కదలికే వేడిగా మారుతుంది. కాబట్టి మంచి గిన్నె ఆ తరంగాల్ని తనలోంచి పోనివ్వాలి, తనంతట తాను వేడెక్కకూడదు. స్టీలు వాటిని వెనక్కి కొట్టేస్తుంది. నలిగిన ఫాయిల్, ఫోర్కు మొనలు, కప్పు అంచున మెరిసే బంగారు గీత, ఇలాంటి సన్నటి లోహమైతే నిప్పురవ్వలే వస్తాయి.

నా ఓటు వేడిని తట్టుకునే గాజుకే, ముఖ్యంగా బోరోసిలికేట్ గాజుకి. అయితే ఫ్రిజ్‌లోంచి తీసిన గిన్నెను అలాగే ఫుల్ పవర్‌లో పెట్టకండి, గాజు పగలొచ్చు. పింగాణీ కూడా మంచిదే గానీ, పైపూత సన్నగా బీటలు వారితే అందులోకి నీళ్లు ఇంకి గిన్నే కాలిపోతుంది.

అనుమానం వస్తే చిన్న పరీక్ష ఉంది. లోహపు గీతలేవీ లేని ఖాళీ గిన్నె పక్కన ఒక గాజు కప్పులో నీళ్లు పెట్టి ఒక నిమిషం తిప్పండి. నీళ్లు వేడెక్కి గిన్నె చల్లగా ఉంటే వాడుకోండి, గిన్నే వేడెక్కితే దాన్ని మైక్రోవేవ్‌కి దూరంగా ఉంచండి. ఆ నీళ్లు మాత్రం మర్చిపోవద్దు, మైక్రోవేవ్‌ని ఖాళీగా తిప్పితే అదే పాడవుతుంది.

ఇక ప్లాస్టిక్. డబ్బా అడుగున త్రికోణంలో 5 అని ఉంటే అది పాలీప్రొపిలీన్, మిగతా వాటికంటే వేడిని బాగా ఓర్చుకుంటుంది, కానీ ఆ అంకె ప్లాస్టిక్ రకాన్ని చెబుతుందంతే, మైక్రోవేవ్ సేఫ్ అన్న గుర్తు కూడా ఉందో లేదో చూసుకోండి. ఆ గుర్తున్నా నూనె ఎక్కువున్న కూరని ప్లాస్టిక్‌లో వేడి చేయొద్దనే చెబుతాను, ఎందుకంటే నీళ్లు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, నూనె దాన్ని దాటిపోతుంది, వేడి పెరిగేకొద్దీ ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగే అవకాశమూ పెరుగుతుంది. గీతలు పడ్డవి, రంగు మారినవి, వంకర పోయినవి పక్కన పెట్టేయండి. పిల్లల పాలూ తిండీ అయితే గాజులోనే వేడి చేయండి, ఇందులో మొహమాటం వద్దు. చూడ్డానికి పింగాణీలా ఉండే మెలమైన్ ప్లేట్లు కూడా మైక్రోవేవ్‌కి పనికిరావు.

మూత బిగించి పెట్టకండి, ఆవిరి పోయేంత సందు ఉండాలి.

గ్రిల్, కన్వెక్షన్ మోడ్‌లలో లెక్క మారిపోతుంది. అక్కడుండేది ఓవెన్ వేడి, మైక్రోవేవ్ సేఫ్ ప్లాస్టిక్ కూడా కరిగిపోతుంది. అందుకే బటన్ నొక్కేముందు ఏ మోడ్‌లో ఉందో చూడండి. ఇప్పుడు మీ ఇళ్లలో ఉన్న గిన్నెల గురించి అడగండి, ఒక్కొక్కటీ మాట్లాడుకుందాం.