కొండెక్కే సైకిల్ కొనేముందు

శ్రోతలకు నమస్కారం.

మా మేనల్లుడు ఇంటర్ పాసయ్యాక సైకిల్ అడిగాడు. మామూలు సైకిల్ కాదు, కొండెక్కే సైకిల్. బెజవాడలో పుట్టిపెరిగినవాడు కొండ మీద మోజు పడటంలో వింత లేదు. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం, ఎటు తల తిప్పినా కొండే. వాడి మనసు మాత్రం కొండపల్లి మీద ఉంది. ఊరికి దాదాపు 20 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి ఖిల్లా దాకా ఘాట్ రోడ్డు. ఆదివారం చీకటితో బయల్దేరి, ఎండ ముదిరేలోపు ఇంటికి రావాలని వాడి కోరిక.

మా చేతిలో 12 వేలు ఉన్నాయి. షాపులో ఎర్రటి సైకిల్ ఒకటి మెరిసిపోతోంది. ముందు షాకు, వెనక షాకు, అంటే కుదుపులు తగ్గించే స్ప్రింగులు, 21 గేర్లు, రెండు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. 12 వేలకే ఇన్ని వస్తున్నాయని నేనూ మురిసిపోయాను. కొనేశాం.

మూడో ఆదివారం ఘాట్ రోడ్డు మధ్యలోంచి ఫోన్ చేశాడు. "మావయ్యా, ఎంత తొక్కినా ముందుకు పోవట్లేదు, ఊరికే ఊగుతోంది" అన్నాడు. గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

ఏలూరు కాలువ గట్టు మీద, గొడుగు కింద పనిచేసుకునే పెద్దాయన ఒకరున్నారు. సైకిల్ ఆయన దగ్గరికి తీసుకెళ్లాం. ఆయన పానా ముట్టుకోలేదు. సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కారు. సైకిల్ దిగి, లేచింది. మళ్లీ నొక్కారు. మళ్లీ దిగి, లేచింది. "చూశావా బాబూ, నువ్వు తొక్కినప్పుడల్లా ఇదే జరుగుతోంది. నీ కాలి సత్తువ చైనుకి పోవాలి గదా, సగం ఈ స్ప్రింగే తినేస్తోంది" అన్నారు. తర్వాత ఒంటిచేత్తో లేపి చూసి, 18 కిలోల పైమాటే అన్నారు. అంత బరువుని కొండ మీదికి మోసుకెళ్లాలి మరి!

వెనక షాకు మంచిదే. కానీ మంచి షాకు ఖరీదు మన సైకిల్ మొత్తం ఖరీదుకంటే ఎక్కువ. 12 వేలలో రెండు షాకులు, 21 గేర్లు, డిస్కులు అన్నీ ఇమడాలంటే ఎక్కడో కోత పెట్టాలి. ఆ కోత రిమ్ములో, చక్రం నడిమధ్యనుండే హబ్బులో, బేరింగుల్లో పడుతుంది. అంటే, కొనేటప్పుడు మనం చూడని చోట. అందుకే నా మాట ఒకటే: బడ్జెట్ తక్కువైతే వెనక షాకు వద్దు. వాడు మారాం చేసినా సరే, వెనక షాకు వద్దు.

నిజానికి ఈ మౌంటెన్ బైకు పుట్టిందే మోటు సైకిళ్ల నుంచి. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని టమల్‌పయస్ కొండ మీంచి కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లేసుకుని మట్టిదారిన దిగేవారు. వెనక హబ్బులోనే ఉండే బ్రేకు వేడెక్కి, లోపలి గ్రీజు కాలి పొగలొచ్చేది. కిందికి దిగాక మళ్లీ గ్రీజు నింపాల్సిందే. 1976లో ఆ దగ్గర్లోనే మొదలైన పందేనికి రీప్యాక్, అంటే మళ్లీ నింపడం, అన్న పేరు అలాగే వచ్చింది. వాళ్ల సైకిళ్లకీ వెనక షాకు లేదు.

మొదటి సైకిల్ నష్టానికి అమ్మేసి, ఇంకొంత వేసి రెండోది కొన్నాం. ముందు చక్రాన్ని పట్టుకునేది ఉత్త ఇనప ఫోర్కు, షాకు లేదు. ముందు చిన్న పళ్లచక్రం ఒక్కటే, వెనక 7 గేర్లు. 26 అంగుళాల చక్రాలు, రెండంగుళాల లావు టైర్లు. గాలి మరీ బిర్రుగా కొట్టించకపోతే, మన రోడ్ల గతుకులకి ఆ టైరే షాకు. బ్రేకులు రిమ్ముని పట్టుకునే రకం. వాటి రబ్బర్లు ఏ వీధి మెకానిక్ దగ్గరైనా దొరుకుతాయి. చవక డిస్కుకి ఉండే పలచటి రేకు ఎక్కడైనా తగిలి కాస్త వంగిందంటే, చక్రం తిరిగినంతసేపూ గీరుకుంటుంది. వానాకాలంలో డిస్కే మేలు, ఒప్పుకుంటాను. అమరావతి వైపు నల్లరేగడిలో దిగితే మట్టి రిమ్ముకి పట్టేసి బ్రేకు పడదు. అక్కడ దిగి, పుల్లతో గీకి కడుక్కోవాలి.

ఇది రేడియో, సైకిల్ మీకు చూపించలేను. కానీ చెవితో చేసే పరీక్ష ఒకటి పెద్దాయన మాకు నేర్పారు. షాపులో వెనక చక్రం స్పోకుల్ని ఒక్కొక్కటిగా గోటితో మీటండి. బిగువుగా ఉన్నది ఠింగుమంటుంది. వదులుది డబ్బుమంటుంది. గేర్లున్న పక్క స్పోకులు మామూలుగానే ఎక్కువ బిగువు, వాటి శ్రుతి ఎక్కువ. కాబట్టి ఏ పక్క స్పోకుని ఆ పక్కవాటితోనే పోల్చండి. తర్వాత చక్రం తిప్పి, రిమ్ముకీ బ్రేకు రబ్బరుకీ మధ్య సందు చూడండి. ఆ సందు తగ్గుతూ పెరుగుతూ ఉంటే చక్రం బెండు ఉన్నట్టే. కొత్త స్పోకులు తొక్కేకొద్దీ సర్దుకుని వదులవుతాయి. నెల తిరిగాక ఇంకోసారి మీటి చూసి, అవసరమైతే బెండు తీయించండి.

రెండో సైకిల్ కొన్నరోజు మావాడు షాపులో నేల మీద గొంతుకూర్చుని, చెవి దగ్గరగా పెట్టి స్పోకులన్నీ మీటాడు. రెండు పలకలేదు. బిగించమన్నాం. షాపు కుర్రాడు స్పోకులు బిగించే తాళం తెచ్చి పావు గంటలో సరిచేశాడు. మావాడు మళ్లీ మీటాడు. రెండూ మోగాయి. అప్పుడు డబ్బు కట్టాం.

సెలవు.