గేటు దాటినా కదలని లారీ

శ్రోతలకు నమస్కారం.

పంతంగి ఊరు చూసిన హైదరాబాదీలు తక్కువ. పంతంగి టోల్‌గేటు చూడనివాళ్లు ఇంకా తక్కువ. సంక్రాంతి ముందు ఎల్బీనగర్ దాటిన కార్లన్నీ అక్కడికే చేరతాయి. 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరి అయ్యాక గేటు దగ్గర పని క్షణాల్లో అయిపోవాలి. కానీ ముందు కారు ట్యాగ్‌లో బ్యాలెన్స్ లేదని బూత్‌లో కూర్చున్న అబ్బాయి చేయి ఊపాడంటే చాలు, వెనక హారన్లు మొదలు. పిల్లలకేమో అప్పుడే దాహం వేస్తుంది.

సరిగ్గా ఇలాంటి పండగ రద్దీ ఏటా డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఎన్4 అనే టోల్ రోడ్డు మీదా ఉంటుంది. జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల గనుల్లో, ఇళ్లల్లో, దుకాణాల్లో పనిచేసే మొజాంబిక్ వాళ్లు క్రిస్మస్‌కి సొంతూరు బయల్దేరతారు. వ్యాన్ల నెత్తిన పరుపులు, బియ్యం బస్తాలు, నూనె డబ్బాలు. వాళ్ల దారిలో టోల్‌గేట్లే కాదు, ఒక దేశ సరిహద్దు కూడా ఉంది. ఇవాళ చెప్పాలనుకున్నది ఆ రోడ్డు గురించే.

ప్రిటోరియా పక్క నుంచి మొజాంబిక్ రాజధాని మపుటో రేవు దాకా దాదాపు 570 కిలోమీటర్లు. మన హైదరాబాద్–విజయవాడ రోడ్డుకు రెండింతల పైమాటే. మధ్యలో బొగ్గు గనుల ఎమలహ్లెని, ఉక్కు పరిశ్రమలున్న మిడిల్‌బర్గ్, తోటల మధ్య ఎంబొంబేలా, చివర సరిహద్దు ఊరు కొమాటిపోర్ట్. ఆ ప్రాంతపు గనులకు దక్షిణాఫ్రికా సొంత రేవు డర్బన్ కంటే మపుటో రేవే దగ్గర. అయినా ఏళ్ల తరబడి ఆ దారి మూతపడ్డట్టే ఉండేది. మొజాంబిక్‌లో అంతర్యుద్ధం 1992లో ఆగింది. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పాలన 1994లో పోయింది. ఆ తర్వాతే రెండు దేశాలూ కూర్చుని ఈ రోడ్డు మాట ఎత్తాయి. చేతిలో డబ్బు మాత్రం లేదు.

అందుకని 1997లో రెండు ప్రభుత్వాలూ కలిసి ఒక ప్రైవేటు సంస్థకు 30 ఏళ్ల ఒప్పందం మీద రోడ్డు అప్పగించాయి. అప్పు తెచ్చుకుని రోడ్డు బాగుచెయ్యి, వెడల్పు చెయ్యి, టోల్ వసూలు చేసుకో, గడువు తీరాక రోడ్డు మాకు తిరిగి ఇచ్చెయ్యి. ముప్పై ఏళ్లు అనగానే మనవాళ్లకు ఔటర్ రింగ్ రోడ్డు గుర్తొస్తుంది. 2023లో 158 కిలోమీటర్ల ఔటర్‌ను 7,380 కోట్లకు ముప్పై ఏళ్ల లీజుకిచ్చారు కదా. తేడా ఏమిటంటే, మన ఔటర్ అప్పటికే తయారైన రోడ్డు, సర్కారుకు డబ్బు ముందే చేతికొచ్చింది. అక్కడ ముందు పని చేసి చూపించాలి.

ఆ ఒప్పందంలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. మొజాంబిక్ వైపు జనం దగ్గర అంత డబ్బు లేదు, బండ్లూ తక్కువ. కాబట్టి దక్షిణాఫ్రికా వైపు వచ్చే టోల్‌తో అవతలి వైపు రోడ్డు ఖర్చు కొంత మోయించారు. గేట్ల పక్క ఊళ్లవాళ్లకు రాయితీలూ ఇచ్చారు. మన దగ్గరా టోల్‌గేటుకు 20 కిలోమీటర్ల లోపు ఉండేవాళ్లకు నెలవారీ పాస్ ఉంది, ఎందరు తీసుకుంటున్నారో గానీ.

ఇక రోడ్డును ఎవరు పాడుచేస్తారన్న లెక్క. యాక్సిల్ మీద, అంటే చక్రాల ఇరుసు మీద, బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం సుమారు పదహారు రెట్లవుతుంది. 1950ల చివర అమెరికాలోని ఇల్లినాయ్‌లో పనిగట్టుకుని రోడ్లు వేసి, వాటి మీద లారీలను తిప్పితిప్పి తేల్చిన లెక్క ఇది. దీని ప్రకారం మన కార్లు రోడ్డుకు చేసే నష్టం దాదాపు లేనట్టే. అరగదీసేది ముఖ్యంగా బరువు లారీలే, అందులోనూ ఓవర్‌లోడ్‌వి మరీ ఎక్కువ. ఈసారి టోల్‌గేటు దగ్గర కిందికి చూడండి, గేటు ముందు సిమెంటు రోడ్డు ఉంటుంది. బరువు బండ్లు అదేపనిగా బ్రేకు వేసేచోట తారు ఎండకు మెత్తబడి అలలు అలలుగా పైకి లేస్తుంది మరి. ఎన్4 మీద మరమ్మతు ఖర్చు సంస్థదే కాబట్టి, కాటాలు పెట్టి లారీల బరువు తూయడం మీద గట్టి శ్రద్ధ పెట్టారు. సొంత జేబుకు చిల్లు పడుతుంటే ఎవరికైనా శ్రద్ధ వస్తుంది.

రోడ్డు బాగుపడింది. బొగ్గు, క్రోమ్ ఖనిజం మోసే లారీలు త్వరగా సరిహద్దు చేరుతున్నాయి. చేరి, అక్కడ ఆగిపోతున్నాయి. దక్షిణాఫ్రికా వైపు లెబొంబో, మొజాంబిక్ వైపు రెస్సానో గార్సియా. ఒకవైపు కాగితాలు చూపించి స్టాంపు వేయించుకోవాలి, రెండోవైపు మళ్లీ అదే తంతు. రద్దీ రోజుల్లో లారీల వరుస కిలోమీటర్ల పొడవున సాగుతుంది. క్లీనరు దిగి టీ తాగొచ్చేసరికి లారీ నాలుగడుగులు కదిలితే గొప్ప. సరుకు లారీల తనిఖీకి మొజాంబిక్ లోపల నాలుగు కిలోమీటర్ల దూరంలో వేరే స్థలం కట్టారు. కొంత ఊరట దొరికింది. రెండు దేశాల తనిఖీ ఒకేచోట పూర్తయ్యేలా 2007లో ఒప్పందం మీద సంతకాలయ్యాయి. రోడ్డు వేసినంత చురుగ్గా ఆ పని మాత్రం సాగలేదు.

మన లారీలవాళ్లకూ ఈ బాధ తెలిసిందే. 2017 జులైలో జీఎస్టీ వచ్చి వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేసేదాకా రాష్ట్ర సరిహద్దు అంటే నిద్ర చెడే చోటు. అయితే అది ఒకే దేశం లోపలి వ్యవహారం, చట్టం మారింది, గేటు లేచింది. రెండు దేశాల మధ్య పాస్‌పోర్టు, కస్టమ్స్ ఎక్కడికీ పోవు.

ఎన్4 సంస్థకిచ్చిన ముప్పై ఏళ్లు ఇప్పుడు చివరికొచ్చాయి. నన్నడిగితే, ఇకముందు ఆ రోడ్డును ఎవరు నడిపినా గుంతల లెక్కతో పాటు సరిహద్దు దగ్గర లారీ ఎన్ని గంటలు నిలబడిందో ఆ లెక్కా రాసిపెట్టాలి. దానికి బాధ్యులెవరో ఇరు ప్రభుత్వాలూ కాగితం మీద పెట్టాలి. ఇప్పటికైతే ఆ గంటల కిరాయి పోయేది లారీ ఓనరుకు, నిద్ర పోయేది డ్రైవరుకు.

నమస్కారం.